రొట్టెలు అయిపోయిన మరునాడు

(రేడియో ప్రసంగ పాఠం)

వాక్యభాగం: యోహాను సువార్త 6వ అధ్యాయం; లూకా సువార్త 14:25-33

 

ఈవేళ మన ధ్యానానికి యోహాను సువార్త 6వ అధ్యాయం తీసుకుందాం. దగ్గరలో బైబిలు ఉంటే తెరచి పెట్టుకోండి. 71 వచనాలున్న పొడవైన అధ్యాయం. తీరిక చేసుకుని ఈ వారంలో ఒక్కసారైనా మొదటినుండి చివరివరకు చదవమని మిమ్మల్ని బతిమాలుతున్నాను. ఎందుకంటే ఈ అధ్యాయం మొదట్లో యేసు చుట్టూ ఉన్న జనాన్ని లెక్కపెట్టండి, చివర్లో మిగిలినవాళ్లను లెక్కపెట్టండి. మొదట్లో పురుషులే దాదాపు 5,000 మంది. చివర్లో ఆయన ఎదుట నిలిచినట్టు మనకు కనిపించేవాళ్లు పన్నెండుమంది. ఆ పన్నెండుమందిలో కూడా ఒకడి మనసు ఆయన దగ్గర లేదు.

మధ్యలో ఏం జరిగింది? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే, యేసును వెంబడించాలా వద్దా అని ఆలోచిస్తున్న మీకూ జవాబు దొరుకుతుంది.

1. వెళ్లేవాళ్లను ఆయన ఆపలేదు

సంగతి మీకు తెలిసిందే. ఒక చిన్నవాడి దగ్గర ఉన్న ఐదు యవల రొట్టెలు, రెండు చేపలు ప్రభువు చేతుల్లోకి వచ్చాయి. పచ్చిక మీద పంక్తులుగా కూర్చున్న జనమంతా కడుపునిండా తిన్నారు. పన్నెండు గంపల ముక్కలు మిగిలాయి. ఇంకేం కావాలి? ఈయన్నే రాజుగా చేసుకుందామని జనం సిద్ధపడ్డారు. మనవంటివాళ్లమైతే ఆ రోజునే దండలు వేయించుకుని ఊరేగింపుకు ఒప్పుకునేవాళ్లం. ఆయన మాత్రం వాళ్లను విడిచి ఒంటరిగా కొండమీదికి వెళ్లిపోయాడు.

మరునాడు జనం పడవలెక్కి వెతుక్కుంటూ కపెర్నహూముకు వచ్చారు. అంత దూరం వచ్చినవాళ్లను చూస్తే ఏ బోధకుడికైనా సంతోషం కలుగుతుంది. కాని ప్రభువు వాళ్ల ముఖం చూసి వాళ్ల కడుపులోని మాట చెప్పాడు. తనను వెతుకుతున్నది తనకోసం కాదనీ, నిన్న తిని తృప్తిపొందారు గనుక వచ్చారనీ స్పష్టంగా అన్నాడు. ఆ తరువాత తానే జీవాహారమని చెప్పాడు. తనను తినాలని, అంటే తన మరణంలో, తన జీవంలో పాలు పొందాలని చెప్పాడు. ఆ మాట వాళ్లకు గట్టిగా తగిలింది. వినడమే కష్టమని సణుక్కున్నారు. ఆయన శిష్యుల్లోనే చాలామంది వెనుదిరిగి వెళ్లిపోయారు.

ప్రియులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. వాళ్లు వెళ్లిపోతుంటే యేసు వాళ్ల వెనుక పరుగెత్తలేదు. మళ్లీ రొట్టెలు పెడతాను ఆగండి అనలేదు. నేను చెప్పినదాన్ని కొంచెం తగ్గించి చెబుతాను అని బేరానికి దిగలేదు. ఐదు రొట్టెలను అంతమందికి పెట్టగలిగినవాడికి రోజూ పెట్టడం కష్టమా? పెట్టి ఉంటే ఒక్కరూ కదిలేవారు కాదు. కాని అప్పుడు ఆయన వెంట ఉన్నది శిష్యులు కాదు, బంతిలో కూర్చున్న జనం.

అంతటితో ఆగకుండా, మిగిలిన పన్నెండుమంది వైపు తిరిగి, వాళ్లకు కూడా వెళ్లాలని ఉందేమో అడిగాడు. తలుపు తెరిచి ఉంచి అడిగాడు. యేసు ఎవరినీ చెయ్యి పట్టి ఈడ్చుకు రాడు. ఎవరికైనా ఆశచూపి, భయపెట్టి, అప్పులో పెట్టి, ఆయన పేరున ఒకరిని చేర్చుకుంటే అది ఆయన పద్ధతి కాదు. మనలో ఎవరైనా ఆ పని చేస్తే ప్రభువు ఎదుట లెక్క చెప్పుకోవాలి. అలాగే, ఇంట్లోవాళ్లు మొహమాటపెట్టారనో, స్నేహితుడు అడిగాడనో మీరు ఆయన దగ్గరికి రానక్కరలేదు. ఆయన మీ నోటినుండి మీ జవాబు వినాలనుకుంటున్నాడు.

2. గుండ్లకమ్మ ఒడ్డున అడిగిన ప్రశ్న

రొట్టె కోసమా, ఆయన కోసమా అన్న ఈ ప్రశ్న గలిలయలోనే ఆగిపోలేదు. మన తెలుగు నేలమీద, మన తాతముత్తాతల ముందుకు కూడా వచ్చింది. వాళ్లు ఏం జవాబు చెప్పారో మన పిల్లలకు తెలియాలి.

మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే మహా క్షామం 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశాన్ని పట్టి పీడించింది. వానలు లేవు, పంటలు లేవు, పశువులు చచ్చాయి. కూలి చేసుకు బతికేవాళ్లే అందరికంటే ముందు ఆకలికి చిక్కారు. ఒంగోలులో అప్పటికి పదేళ్లుగా సువార్త పని చేస్తున్న జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, మిషనరీ కాకమునుపు సర్వే పని చేసినవాడు. ఆ రోజుల్లో ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. అందులో మూడున్నర మైళ్ల పని ఆయన కాంట్రాక్టు తీసుకున్నాడు. పలుగూ పారా పట్టగలిగినవాళ్లకు కూలి దొరికింది, కూలితో గింజలు దొరికాయి. మేస్త్రీలుగా నిలబడినవాళ్లలో చాలామంది తెలుగు సువార్తికులే. మధ్యాహ్నం పని ఆపి నీడన కూర్చున్నప్పుడు వాళ్లు క్రీస్తును గూర్చి చెప్పేవారు. అక్కడ విన్న మాటను జనం తమ ఊళ్లకు మోసుకుపోయారు.

వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇక్కడే ఆ సేవకుడు చేసిన పని గమనించండి. కరువు సాయం నడిచినంతకాలం, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. అడుగుతున్న చేతులు ఆకలి చేతులని ఆయనకు తెలుసు. గింజల కోసం వచ్చినవాడిని సంఘంలో చేర్చుకుంటే ఆ మనిషికీ అన్యాయమే, సంఘానికీ అన్యాయమే. అందుకని ఆగమన్నాడు. అన్నం పెట్టాడు, కూలి ఇప్పించాడు, బాప్తిస్మం మాత్రం ఇవ్వలేదు.

1878 నాటికి సాయం డబ్బు అయిపోయింది. ఇక పంచడానికి ఏమీ లేదు. అప్పుడు జనం తగ్గిపోవాలి కదా? కపెర్నహూములో తగ్గిపోయారు. ఇక్కడ తగ్గలేదు. ఊళ్లకు ఊళ్లు కదిలి ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ దగ్గరున్న వెల్లంపల్లికి చేరారు. డబ్బు లేదు, గింజలు లేవు, తిరిగి వెళ్లండి అని క్లౌ వాళ్లతో చెప్పాడు. వాళ్లు తమ అరచేతుల్లోని కాయలు చూపించి, తాము పని చేసుకుని బతుకుతామని, సాయం అడగడానికి రాలేదని, మళ్లీ పంట పోయి చావవలసి వస్తే క్రైస్తవులుగానే చస్తామని జవాబిచ్చినట్టు ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది. నీళ్లలో దిగి ఇచ్చినవాళ్లు తెలుగు సేవకులు. ఇద్దరేసి నీళ్లలో నిలబడి, అలసినప్పుడు మరో ఇద్దరు దిగుతూ, పొద్దున్నుంచి పొద్దుగూకేవరకు, మధ్యాహ్నం కొద్ది గంటలు మాత్రం ఆపి, ఒక్కొక్కరినీ పేరుపేరున చూసి ముంచి లేపారు. గుంపును ఒక్కసారిగా దింపలేదు.

వాళ్లలో ఎక్కువమంది మాదిగ సహోదరీ సహోదరులు. వాళ్లకు ఈ తీర్మానం చౌకగా దొరకలేదు. అంతకు పన్నెండేళ్ల ముందు, 1866లో, యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన సాక్ష్యంతో అటు ప్రాంతంలో సువార్త మొదలైనప్పుడే ఆ ఖరీదు ఏమిటో తెలిసిపోయింది. ఆదివారం వెట్టి చేయం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాల జాతరలో డప్పు కొట్టం అని నిలబడ్డారు. ఈ మూడూ వినడానికి చిన్నవే. కాని ఊరి పెద్దల దయమీద బతికే మనిషి జాతరలో డప్పు కొట్టనని చెప్పిన రోజున అతని పని పోతుంది, గింజ పోతుంది, ఒంటికి దెబ్బలు కూడా తగులుతాయి. ఆ సంగతి తెలిసే వాళ్లు నీళ్లలో దిగారు.

వాళ్లను బియ్యపు క్రైస్తవులని హేళన చేసినవాళ్లున్నారు. వచ్చిన వేలమందిలో ప్రతి ఒక్కరి హృదయం నాకు తెలుసని నేనంటే అది అబద్ధమవుతుంది. హృదయాలను పరిశోధించేవాడు దేవుడొక్కడే. కాని ఒక్క సంగతి చెప్పగలను. బియ్యం అయిపోయిన తరువాత వచ్చినవాళ్లను ఆ పేరుతో పిలవడానికి వీల్లేదు.

ఇకపోతే అన్నానికి లోటు లేనివాళ్లకూ ఇదే ప్రశ్న. పురుషోత్తమ చౌదరి గారి పేరు మీ కీర్తనల పుస్తకంలో చూసే ఉంటారు. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందినవాడు ఆయన. ఆయనకు దొరకబోయే రొట్టె ఏమీ లేదు. పోగొట్టుకోవడానికి మాత్రం చాలా ఉంది. లేనివాడు గుండ్లకమ్మలో దిగాడు, ఉన్నవాడు ఉన్నది విడిచి వచ్చాడు. ఇద్దరికీ దొరికినవాడు ఒక్కడే.

3. ఈ రోజుల్లో దాని ఖరీదు ఎంత?

లూకా 14వ అధ్యాయంలో ప్రభువు ఒక ఉపమానం చెప్పాడు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని లెక్క వేసుకోడా? పునాది వేసి ఆపేస్తే దారినపోయేవాళ్లు నవ్వరా? హైదరాబాదులో ఉండే మనకు ఇది బాగా తెలుసు. పిల్లర్లు లేచి, ఇనుప చువ్వలు తుప్పుపట్టి, ఏళ్ల తరబడి అలాగే నిలిచిపోయిన ఇళ్లు మన గల్లీల్లో లేవా? లెక్క వేసుకోమని ప్రభువే చెబుతుంటే, లెక్క దాచిపెట్టి మిమ్మల్ని పిలవడం నాకు తగదు. అందుచేత కొన్ని ఖరీదులు పేరు పెట్టి చెబుతాను.

మొదటిది, ఇంటివారు. రేడియో శబ్దం తగ్గించి, వంటింట్లో ఒక మూల కూర్చుని ఈ మాటలు వినే కోడలు ఎక్కడో ఉండవచ్చు. అమ్మా, అత్తమామలతో తగాదా పెట్టుకోమని ప్రభువు నీకు చెప్పలేదు. వాళ్ల దేవుళ్లను తిట్టమనీ చెప్పలేదు. నీ పనిలో, నీ మాటలో, నీ ఓర్పులో నీవు ఎవరిదానవో కనబడనివ్వు. అయితే ఏదో ఒక రోజు నిన్ను సూటిగా అడుగుతారు. ఆ రోజున నిజం చెప్పవలసి వస్తుంది. ఆ నిజానికి ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదును నీవొక్కదానివే మోయకూడదు. నీతో కూర్చుని ప్రార్థించే ఒక పెద్దామెను సంఘంలో వెతుక్కో.

రెండవది, సర్టిఫికెట్టు. దీన్ని గూర్చి పులిపీఠంమీద మాట్లాడడానికి చాలామంది వెనుకాడతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులాల హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తింపజేయలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అలాంటివారిని బి.సి. 'సి' గ్రూపులో ఉంచారు. మతం మార్చుకున్నంత మాత్రాన ఊళ్లో వివక్ష మారిపోతుందా, ఇది న్యాయమేనా అని సంఘాలు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాయి; ఆ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అడగవలసిందే. దానికోసం ప్రార్థించవలసిందే. ఈలోగా ఆదివారం ఒక పేరుతో, ఆఫీసులో మరొక పేరుతో బతుకుతున్న కుటుంబాలున్నాయి. పిల్లల సీటు కోసం, ఉద్యోగం కోసం ఆ బరువు మోస్తున్నవాళ్లను వేలెత్తి చూపడానికి నాకు నోరు రాదు. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవాడికి ఉపవాసం బోధించినట్టు ఉంటుంది. అయినా వాక్యం చెప్పవలసిన బాధ్యత నామీద ఉంది గనుక ప్రేమతో ఒక మాట: రెండు పేర్లమధ్య బతకడం వల్ల ముందుగా అరిగిపోయేది మీ సొంత మనశ్శాంతి. మీ పిల్లలు మిమ్మల్ని చూసి విశ్వాసమంటే ఏమని నేర్చుకుంటున్నారు? ఈ ప్రశ్నను ప్రభువు ముందు పెట్టండి. ఆయన మిమ్మల్ని కోప్పడడానికి కాచుకుని లేడు. రొట్టెలు పెట్టినవాడికి మీ ఆకలి తెలుసు.

సంఘ పెద్దలకు కూడా ఒక మాట. నిజం చెప్పి నష్టపోయిన కుటుంబంలోని పిల్లవాడి ఫీజు ఎవరు కడతారు? ధైర్యంగా నిలబడమని చెప్పి మనం ఇంటికెళ్లి భోంచేస్తే సరిపోతుందా? అపొస్తలుల కార్యములలోని సంఘం ఆ పని చేయలేదు. అక్కరలో ఉన్నవాడికి అక్కర తీర్చింది.

మూడవది, చేతిలోని పని. షాపులో తూకం, ఆఫీసులో ఫైలు కింద పెట్టే కవరు, పెళ్లి మాటల్లో కట్నం. యేసును వెంబడిస్తానన్నవాడు కుమారుడి పెళ్లికి కట్నం లెక్క కట్టేటప్పుడు ఎవరిని వెంబడిస్తున్నాడు? క్రైస్తవ కుటుంబాల్లో పుట్టి, రెండుమూడు తరాలుగా సంఘం రిజిస్టరులో పేరున్న మనకు ఇది మరీ కఠినమైన ప్రశ్న. తాతగారు గుండ్లకమ్మలో దిగితే మనవడు తడిసినట్టు కాదు. ఆయన తీర్మానం ఆయనది. మీది మీరు చేయాలి.

4. మూసీ నీళ్లు వచ్చే రోజు

కొందరంటారు, "అయ్యగారూ, మీరు చెప్పేదంతా నిజమే. కాదనను. అమ్మాయి పెళ్లి అయ్యాక చూద్దాం. రిటైర్ అయ్యాక చూద్దాం." అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయంలో ఫేలిక్సు అనే అధిపతి ఇలాగే చేశాడు. పౌలు నీతిని గూర్చి, రాబోయే తీర్పును గూర్చి మాట్లాడుతుంటే అతనికి భయం వేసింది. భయపడి, తీరిక దొరికినప్పుడు మళ్లీ పిలుస్తానని పంపేశాడు. నిజానికి చాలాసార్లు పిలిచాడు కూడా. లంచం దొరుకుతుందేమోనని పిలిచాడు! రెండేళ్లు గడిచిపోయాయి. అతని స్థానంలో మరొకడు వచ్చాడు. ఫేలిక్సుకు తీరిక దొరికిన రోజు ఒకటి వచ్చినట్టు బైబిలులో ఎక్కడా లేదు.

మేముండే చాదర్‌ఘాట్‌లో మూసీ మీద వంతెన ఉంది. మలక్‌పేట వైపునుండి కోఠి వైపుకు, అబిడ్స్, నాంపల్లికి పనులకు వెళ్లేవాళ్లు రోజూ ఈ నదిని దాటుతారు. మామూలు రోజుల్లో ఆ నీళ్లవైపు ఎవరూ కన్నెత్తి చూడరు. ముక్కు మూసుకుని బస్సులో కూర్చుంటారు. కాని ఈ నది 1908 సెప్టెంబరు 28న పొంగినప్పుడు సుమారు 15 వేలమంది చనిపోయారని అంచనా. ఆ తరువాతనే వరదను అడ్డుకోవడానికి పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో, మరొకటి 1927లో పూర్తయింది. ఇప్పటికీ గట్టి వానలు కురిసి ఆ రెండింటి గేట్లు ఎత్తితే మా చాదర్‌ఘాట్ దగ్గర నది ఒడ్డునున్న బస్తీల్లోకి నీళ్లు వస్తాయి. 2020 అక్టోబరులో వచ్చాయి, 2025 సెప్టెంబరులో వచ్చాయి.

ఆ వరదలను నేను దేవుని శిక్ష అనడం లేదు. అలా అనడం నష్టపోయినవాళ్ల గాయం మీద కారం చల్లడమే. నేను చెప్పేది వేరే సంగతి. గేట్లు ఎత్తేముందు ఇళ్లు ఖాళీ చేయమని చెబుతారు. విన్నవాళ్లందరూ ఒకేలా కదలరు. ఒకరు పిల్లల్ని ఎత్తుకుని వెంటనే బయలుదేరతారు. ఇంకొకరు సామాను ఏమవుతుందోనని ఆగుతారు. మరొకరు చూద్దాం, నీళ్లు ఇంతదాకా రావులే అంటారు. చూద్దాం అన్నవాడు తాను ఏ తీర్మానమూ చేయలేదనుకుంటాడు. కాని నీళ్ల లెక్కలో అతడు ఉండిపోవడానికే తీర్మానించుకున్నట్టు. యేసు విషయంలో కూడా అంతే. ఆయన్ని కాదనకుండా, అవుననకుండా ఏళ్లు గడిపేవాడు మధ్యలో ఉన్నాననుకుంటాడు. వంతెన మధ్యలో కాపురం పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? దాటాలి, లేదా వెనక్కి పోవాలి.

1908 వరదలో మరో సంగతి ఉంది. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, ఒక పెద్ద చింతచెట్టు ఉంది. ఆ రోజు సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు రోజూ కొన్ని వందలమంది కళ్లముందు ఉన్నదే. అది అక్కడ ఉందని తెలిసినవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. తెలిసినందువల్ల ఎవరూ బతకలేదు. ఎక్కి, కొమ్మ పట్టుకున్నవాళ్లు బతికారు. ప్రియ చదువరీ, క్రీస్తు సిలువను గూర్చి మీకు చాలాకాలంగా తెలిసి ఉండవచ్చు. క్రిస్మస్‌కు విన్నారు, మంచి శుక్రవారం విన్నారు, మిషన్ స్కూల్లో చదివిన రోజుల్లో విన్నారు. ఎప్పుడైనా పట్టుకున్నారా?

అయితే ఆలోచించుకోవడం వేరు, వాయిదా వేయడం వేరు. ఆలోచించేవాడు వాక్యం చదువుతాడు, ప్రశ్నలు అడుగుతాడు, ప్రార్థించి చూస్తాడు. అలాంటివాడిని నేను తొందరపెట్టను. గుండ్లకమ్మ దగ్గర కూడా ఏడాదికి పైగా ఆగమన్నారు కదా. వాయిదా వేసేవాడు ఇవేవీ చేయడు. క్యాలెండరు మారుస్తూ ఉంటాడు. మీరు ఈ ఇద్దరిలో ఎవరో మీకే తెలుసు.

5. పేతురు ఇచ్చిన జవాబు

చివరిగా పేతురు జవాబు చూద్దాం. మీరూ వెళ్తారా అని ప్రభువు అడిగినప్పుడు పేతురు, నీ బోధ మాకు పూర్తిగా అర్థమైంది ప్రభువా అని చెప్పలేదు. ఆ రోజు జీవాహారాన్ని గూర్చిన బోధ మిగతావాళ్లకు ఎంత కష్టంగా ఉందో పేతురుకూ అంతే కష్టంగా ఉండి ఉంటుంది. నేను ఎప్పటికీ పడిపోను అని కూడా ఆ రోజు చెప్పలేదు. ఆయన చెప్పినదాని సారం ఇది: వెళ్లడానికి ఇంకెవరున్నారు, నిత్యజీవపు మాట నీ దగ్గరే దొరికింది. అంతే. పేతురు పట్టుకున్నది ఒక మనిషిని, దేవుని పరిశుద్ధుణ్ణి.

తరువాత ఆ పేతురే చలిమంట దగ్గర బొంకాడు. మూడుసార్లు నేనెరుగననేశాడు. అయినా ప్రభువు అతని తీర్మానాన్ని కొట్టివేయలేదు. తిబెరియ సముద్రపు ఒడ్డున మళ్లీ పిలిచి, తనను వెంబడించమన్నాడు. తప్పిపోతానేమోనన్న భయంతో మీరు ఆగిపోయి ఉంటే, పేతురును జ్ఞాపకం చేసుకోండి.

ఇంకొకడిని కూడా జ్ఞాపకం చేసుకోవాలి. ఆ రోజు యూదా ఇస్కరియోతు కూడా వెళ్లిపోలేదు. పన్నెండుమందితోపాటు అక్కడే నిలబడ్డాడు. చూసేవాళ్లకు పేతురు, యూదా ఒకేలా కనిపించి ఉంటారు. గుడిలో ఉండడం, పాటలు పాడడం, కానుక వేయడం, కమిటీలో ఉండడం, పులిపీఠమెక్కడం, ఇవేవీ యేసును కోరుకున్నట్టు రుజువులు కావు. ఈ మాట ముందుగా ప్రసంగీకులమైన మాకే వర్తిస్తుంది.

కాబట్టి ఇవాళ ఏం చేయాలి? మూడు చిన్న పనులు చెబుతాను. ఒకటి, ఈ వారంలో యోహాను 6వ అధ్యాయాన్ని ఒంటరిగా కూర్చుని చదవండి. ప్రభువు అడిగిన ప్రశ్న దగ్గర ఆగి, దాన్ని మీ పేరుతో చదువుకోండి. రెండు, ఒక కాగితం తీసుకుని, యేసును వెంబడిస్తే మీరు విడిచిపెట్టవలసింది ఏమిటో నిజాయితీగా రాయండి. లెక్క వేసుకోమన్నది ఆయనే. మూడు, మీ జవాబు ఏదైనా సరే ఆయనతో చెప్పండి. నాకు ఇష్టం లేదు అన్నా ఆయనతోనే చెప్పండి. ఆయనతో మాట్లాడి కాదనేవాడు ఆయనను తప్పించుకు తిరిగేవాడికంటే ఆయనకు దగ్గరగా ఉన్నాడు. అవునని చెబితే, దగ్గరలోని సంఘంలో ఒక విశ్వాసికి ఆ సంగతి తెలియజేయండి. ఈ దారిలో ఒంటరి నడక మంచిది కాదు.

ఆయన దగ్గరికి వస్తే కష్టాలన్నీ తీరిపోతాయని, ఉద్యోగం వస్తుందని, వీసా వస్తుందని నేను మీకు వాగ్దానం చేయను. ఆయన ఇవ్వగలడు, ఇచ్చినప్పుడు స్తోత్రం చెల్లించుదాం. రొట్టెలున్న రోజున ఆయన వెంట నడవడం ఎవరికైనా తేలికే. గంపలు ఖాళీ అయిన మరునాడు పొద్దున లేచి, ప్రభువా, ఇంకెక్కడికి వెళ్తాం అని ఆయన పక్కనే కూర్చునేవాళ్లలో మీరూ ఒకరు కావాలని నా ప్రార్థన.

ప్రార్థన చేసుకుందాం.

ప్రేమగల తండ్రీ, నీ కుమారుడు మమ్మల్ని బలవంతపెట్టకుండా పిలుస్తున్నందుకు నీకు స్తోత్రం. ఇంతకాలం నీ చేతిలోని రొట్టె కోసం వచ్చాం, నీకోసం రాలేదు, క్షమించు. ఇల్లు, ఉద్యోగం, పరువు ఏమవుతాయోనని భయపడుతున్న నీ బిడ్డలను ధైర్యపరచు. దాగి నిన్ను ప్రేమిస్తున్నవారిని కాపాడు. చూద్దాం, చూద్దాం అంటూ గడుపుతున్నవారిని ఈ దినమే కదిలించు. నష్టపోయిన సహోదరులను ఆదుకునే మనసు నీ సంఘానికి దయచేయి. నిన్ను ఎన్నుకున్న మేము చివరివరకు నీతో నడిచేటట్టు నీ ఆత్మచేత మమ్మల్ని బలపరచు. నీ కుమారుడైన యేసుక్రీస్తు నామంలో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.